ప్రార్థన చేయని గురువారాలు

క్రిస్మస్‌కు ఏం చేయాలో మీకెవరూ నేర్పనక్కర్లేదు. నక్షత్రం కట్టడం దగ్గర్నుంచి నాటకంలో గొర్రెల కాపరికి తలపాగా చుట్టడం దాకా సంఘంలో అందరికీ వచ్చు. ఈస్టరుకు ముందు శ్రమకాలం నలభై రోజులూ ఏ ఇంట్లో ఏ రోజు కూడికో ముందే రాసి ఉంటుంది. మట్టలాదివారం, ఈస్టరు, పెంతెకొస్తు, అన్నీ వాటంతట అవే మనల్ని లాక్కుపోతాయి. ఆ తరువాత జూన్‌లో ఒక ఆదివారం ఆరాధన గదిలో సంస్కారపు బల్ల మీద పచ్చగుడ్డ పరుస్తారు. నవంబరు ఆఖరు దాకా ఆ గుడ్డ మారదు. ఆ ఆదివారాలకు పేర్లు కూడా ఉండవు. పెంతెకొస్తు తరువాత అయిదో ఆదివారం, పదకొండో ఆదివారం అని అంకెలే.

కొత్తగా ఈ పనిలో చేరిన ఇద్దరు అమ్మాయిలు మొన్న రాయచూరు దగ్గర గిల్లేసూగూరులో మా ఇంటికి వచ్చారు. అందులో ఒకమ్మాయి అడిగింది: "అమ్మా, ఈ ఆర్నెల్లు మేం ఏం చెయ్యాలె? పండుగ లేదు, కూటం లేదు. ఏం ఉండదు గద."

ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేసినదాన్ని, ఆ పూట సరిగా జవాబు చెప్పలేకపోయాను. టీ పోసి పంపించాను. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

పని ఏమిటంటే

మమ్మల్ని బైబిలమ్మలు అంటారు. పాస్టరు అయ్యగారు నెలకొకసారి వచ్చే పల్లెలకు మేం వారం వారం వెళ్తాం. ఇంటింటికీ వెళ్లి కూర్చుంటాం. ఒక భాగం చదువుతాం, ఒక పాట పాడతాం, ప్రార్థన చేసి లేస్తాం. బాలింత ఉంటే నీళ్లు కాచిపెడతాం. చావు జరిగితే తెల్లారేదాకా అక్కడే ఉంటాం. అయ్యగారు రాని ఆదివారం ఆరాధన కూడా మేమే నడిపిస్తాం.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. మా అమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తూ, అక్కడి పిల్లల పుస్తకాలు చూసి అక్షరాలు పట్టుకుంది. అవే నాకు ఇంట్లో నేల మీద పరిచిన శాబాదు బండల మీద బొగ్గుతో రాసి నేర్పింది. కన్నడం బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాను, ఉర్దూ సంతలో. ఇంత చిన్న చదువుతో నన్ను ఇన్నేళ్లు ఇన్ని ఇండ్లలో కూర్చోబెట్టిన దేవునికి స్తోత్రం. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. చదువు తక్కువన్న బెరుకును నేను ప్రార్థనతో కప్పుకునేదాన్ని. నా ప్రార్థన బాగుంటుందని పేరొచ్చింది. పొడుగ్గా, పొంగి పొర్లుతూ చేసేదాన్ని. ముసలమ్మలు కండ్లొత్తుకునేవాళ్లు. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది.

నా తప్పు

యాపలదిన్ని దాటాక ఉన్న ఒక చిన్న పల్లె అది. పల్లె పేరు రాయను. లేయమ్మ అన్నది కూడా ఆమె అసలు పేరు కాదు. ఎందుకన్నది చదువుతుంటే మీకే తెలుస్తుంది.

లేయమ్మకు అప్పుడు యాభై దాటి ఉంటాయి. పల్లెలోని ప్రార్థన గది ఊడ్చడం, సంస్కారపు బల్ల మీది గుడ్డలు ఉతికి మడతపెట్టడం ఆమె పని. ఎవరూ అప్పగించలేదు, ఆమే పట్టుకుంది. ఆమెకు ఒక్కతే కూతురు, రాణి. ఇరవై రెండేళ్లకు జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. మట్టి చేసిన మూడో రోజే లేయమ్మ వచ్చి గది ఊడ్చింది. అది చూసి మేమంతా ఎంత విశ్వాసం, ఎంత విశ్వాసం అన్నాం. నేనైతే ఇతర పల్లెల్లో ఆమె గురించి చెప్పేదాన్ని కూడా.

మూడేళ్లు గడిచాయి. ఒక జూన్‌లో, పచ్చగుడ్డ పరిచిన వారమే, ఆమె ఇంటి ముందు కూర్చుని ఇద్దరం కందులు చెరుగుతున్నాం. ఉన్నట్టుండి అంది: "చెల్లే, ఒకటి చెప్త. ఎవ్వరికి చెప్పకు. నాకు ప్రార్థన వస్తలేదు. రాణి పోయిన్నాటి నుంచి. కండ్లు మూసుకుంట. అందరు ఆమెన్ అంటే నేనూ అంట. గంతే. లోపట ఏం లేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అంతవరకు బాగానే ఉంది.

రెండు వారాల తరువాత ఒక ఆదివారం. కలుపు తీసే రోజులు, గదిలో పద్నాలుగు మంది కూడా లేరు. అయ్యగారు వచ్చే వారం కాదు. నేను ప్రార్థన మొదలుపెట్టాను. పండుగ రోజుల్లో ప్రార్థనకు మాటలు వెతుక్కోనక్కర్లేదు. ఆ రోజు వానల కోసం, రోగుల కోసం, పాలకుల కోసం అడిగేశాక మాటలు అయిపోయాయి. గది చప్పగా ఉంది. ఎవరో ఆవలించారు. ఆ చప్పదనాన్ని నేను ఓర్చుకోలేకపోయాను. నోట్లోంచి వచ్చేసింది: "ప్రభువా, మూడేండ్లుగా నీతో మాట్లాడలేకపోతున్న నీ కుమార్తె లేయమ్మను జ్ఞాపకం చేసుకో. చల్లారిపోయిన ఆమె హృదయాన్ని..."

ఆ రోజు ఆమెన్ చాలా గట్టిగా వినబడింది. కండ్లు తెరిచి చూస్తే లేయమ్మ నన్నే చూస్తోంది. ఆమె కండ్లు మూసుకోనేలేదు. కొంగుకు కట్టుకున్న గది తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రానికి కొళాయి దగ్గర మాటలు మొదలయ్యాయి. "అయితే గిన్నొద్దులు దొంగ ఆమెన్లు చెప్పిందా?" అని ఒకామె అంటే, "మనకు మాత్రం పెద్ద భక్తి చూపిచ్చె" అని ఇంకొకామె అందట. సంఘపెద్ద దావీదప్ప ఇంకో అడుగు వేశాడు. "ప్రార్థన లేని మనిషి బల్లగుడ్డ ముట్టొద్దు" అని తీర్పు చెప్పేశాడు.

ఆ గది ఊడ్చడమే లేయమ్మకు మిగిలిన ప్రార్థన. కూతురు పాటలు పాడిన గది అది. ఆమెను దేవుని ఇంటికి కట్టి ఉంచిన ఒక్క దారాన్ని నేను నా నోటితో తెంపాను. ఆమె మళ్లీ ఆ గడప తొక్కుతుందా లేదా అన్నదే ఆ ఏడాదంతా నా ముందున్న పని.

ఈ తప్పు మన పనిలో ఉన్నవాళ్లే చేస్తాం. ఒకరి మాట నలుగురిలో చెబితే చాడీ అంటారు. అదే మాట కండ్లు మూసుకుని చెబితే ప్రార్థన మనవి అంటాం. ఇప్పుడు మీకు వాట్సాప్ గ్రూపులు కూడా వచ్చాయి. ఫలానా సహోదరి కాపురం కోసం ప్రార్థించండి అని పెడతారు, కింద రెండొందల దండం బొమ్మలు. ఆ సహోదరి కూడా అదే గ్రూపులో ఉంటుంది. నాకు కోపం వస్తుంది, ఎందుకంటే మొదట చేసినదాన్ని నేనే.

కరుణక్క మాట

నాకు పని నేర్పిన కరుణక్క అప్పటికే పని మానేసి రాయచూరులో కొడుకు దగ్గర ఉండేది. ఎవరినీ మెచ్చుకోదు, ఎవరినీ వదిలిపెట్టదు. వెళ్లి అంతా చెప్పాను. చిక్కుడుకాయలు తుంపుతూ విన్నది.

"దేవునికి చెప్పినవా, మందికి చెప్పినవా?"

"దేవునికే చెప్పినక్కా."

"దేవునికి చెవుడున్నదా, గంత గట్టిగ చెప్పనీకి?"

నేను ఏడ్చాను. ఆమె నా ఏడుపు అయ్యేదాకా ఆగి, కొన్ని కాయలు నా ముందుకు తోసింది. "ఈడ ఏడిస్తె ఏమొస్తది? పో, మాఫీ అడుగు. చేస్తదో లేదో ఆమె ఇష్టం. అటెన్క ఆమె ఏం చెప్తె గది చెయ్యి. నీ తెలివి వాడకు."

నా ఉద్యోగంలో నాకు దొరికిన మంచి ఆజ్ఞ అదొక్కటే అనిపిస్తుంది.

షరతు

ఆ గురువారం మధ్యాహ్నం లేయమ్మ ఇంటికి వెళ్లాను. నల్లరేగడి చెప్పులకు పట్టుకుని ఒక్కో కాలు బండెడు బరువు. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది.

"అక్కా, తప్పయింది. మాఫ్ చెయ్యి."

"చేసిన్నో లేదో నాకే తెల్వదు. కాళ్లు కడుక్కొని కూసో."

కూర్చున్నాను. అలవాటు చొప్పున చెయ్యి సంచిలోకి, పుస్తకం మీదికి పోయింది.

"ఆ సంచి మూయ్" అంది. "చూడు, వస్తనంటె రా. వద్దన. జర చెయ్యి ఆడిస్తె నాకూ పని అయితది. నా ఇంట్ల మటుకు ప్రార్థన చెయ్యొద్దు. నోట్లె వద్దు. మనసుల గూడ వద్దు."

"మనసుల చేస్తె నీకెట్ల తెలుస్తదక్కా?"

"నీ మొఖం సాగుతది. సుమ్మనె కూసో."

సుమ్మనె అంటే కన్నడంలో ఊరికే అని. రాయచూరులో పుట్టిన ఎవరి నోటనైనా ఆ మాట రోజుకు పదిసార్లు వస్తుంది. ఆ రోజు దాకా నేను ఎక్కడా సుమ్మనె కూర్చున్నదాన్ని కాదు.

లేయమ్మ అప్పుడు ఒక కౌది మొదలుపెట్టింది. పాత చీరలు పొరలుగా పరిచి కుట్టే బొంతను ఇక్కడ కౌది అంటారు. అంచుల నుంచి లోపలికి వరస తరువాత వరస కుట్టుకుంటూ రావాలి. ఆమె ఆ పక్క, నేను ఈ పక్క. మొదటి గురువారం నేను కుట్టింది చూసి అంది: "నీ కుట్లు నీ ప్రార్థన లెక్కనే ఉన్నయ్. పొడుగు. ఏలు ఇరుక్కుంటె సర్రున తెగుతది. విప్పు."

విప్పాను. రెండో వారం కూడా విప్పించింది. మూడో వారం ఏమీ అనలేదు. అది మెప్పని అర్థం చేసుకుని బస్సెక్కాను.

జులై పోయింది, ఆగస్టు పోయింది. చెప్పుకోదగ్గది ఏదీ జరగలేదు. ఆమె ఇంట్లో ప్రార్థన మానేసిన నేను దాన్ని బస్సులో చేసుకోవచ్చని అనుకున్నాను. కిటికీ పక్కన కూర్చుని మొదలుపెడితే, మొదటిసారి నా గొంతు నాకే వినబడింది. కరెంటు పోయి ఫ్యాను ఆగితేనే ఇంతసేపూ దాని మోత ఉందని తెలుస్తుంది కదా, అలా. ఇన్నేళ్లు నేను దేవునితో మాట్లాడుతూ పక్కనున్నవాళ్ల ఆమెన్ కోసం చెవి పెట్టుకుని ఉన్నాను. బస్సులో ఆమెన్ అనేవాళ్లు లేరు. నాకు భయం వేసింది. లేయమ్మ నాకు చెప్పింది కూడా ఇదే కదా, లోపల ఏమీ లేదని. ఆమె ధైర్యంగా చెప్పుకుంది. నేను మాటలతో నింపుకున్నాను.

ఆ ఖాళీతో ఏం చేయాలో తెలియక దాన్ని అలాగే ఉంచాను. చేలు చూస్తూ కూర్చునేదాన్ని. ఈ నెలల్లో బోధకులంతా పైరు పెరుగుదల మీద ప్రసంగం చేస్తారు, మీరూ వినే ఉంటారు. నాకు మాత్రం ఏదీ పెరుగుతున్నట్టు తెలియలేదు. తగ్గుతున్నట్టే తెలిసింది. సెప్టెంబరుకు నా ప్రార్థన రెండు మాటలకు వచ్చింది. ఆమెను చూడు, నన్ను చూడు. ఆ రెండింటిలో అబద్ధం లేదు.

అయ్యగారి ప్రశ్న

అప్పటి అయ్యగారు జవళగేర వైపు, కోస్తావాళ్లు వచ్చి స్థిరపడిన కాలువ కింది పల్లెలో పెరిగిన మనిషి, కోస్తా మాట. కష్టజీవి. క్రిస్మస్ వస్తే నెల రోజులు సరిగా నిద్రపోడు. కానీ ఆయనకు పేరున్న ఆదివారాలే కనబడేవి. నేను ఏ రోజు పని ఆ రోజు రాసే డైరీ తిరగేస్తూ ఆగాడు.

"ఏమిటమ్మా ఇది? గురువారం, ప్రార్థన లేదు. గురువారం, ప్రార్థన లేదు. అక్కడికెళ్లి ఏం చేస్తున్నారు మీరు?"

"కౌది కుడుతున్నానండి."

"సంఘం మిమ్మల్ని బొంతలు కుట్టడానికి పెట్టుకుందా? అక్టోబరులో ఉజ్జీవ కూటాలు పెడుతున్నాం, మనుషుల్ని పోగు చెయ్యండి. రాని మనిషి కోసం వారానికొక పూట పాడు చేసుకుంటారా?"

నేను ఎప్పుడూ పెద్దలకు ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. "ఆమె రాకపోవడానికి కారణం నేనండి. ఆ పూట నా జీతంలో కోసుకోండి. వెళ్లడం మాత్రం మానను."

ఆయన డైరీ మూసి ఇచ్చాడు. కోసుకోలేదు. ఒప్పుకోనూ లేదు. కొంతమంది పెద్దలు మనకు చేయగల మేలు అంతే, అడ్డు రాకుండా ఉండటం. ఆయనకు నా కృతజ్ఞతలు.

కానీ ఆయన మాటతో ఒకటి తట్టింది. నేను క్షమాపణ ఆమె ఇంట్లో అడిగాను. తప్పు చేసింది గదిలో. ఆ ఆదివారం వాక్యం చదివేముందు గదిలో నిలబడి చెప్పాను. "లేయమ్మక్క నన్ను నమ్మి చెప్పిన మాట నేను ఈడ విప్పిన. గది ప్రార్థన కాదు, తప్పు. మీరందరు నన్ను మాఫ్ చెయ్యాలె."

దావీదప్ప గొంతు సవరించుకున్నాడు. "నువ్వు చెప్పిన తీరు తప్పే గావొచ్చు. మరి ఆమెకు ప్రార్థన రాదన్నది నిజమే గద?"

అప్పుడు దావీదప్ప భార్య రూతమ్మ, ఎన్నడూ నోరెత్తని మనిషి, చాప మీద నుంచే అంది: "నాకు గూడ శానా సార్లు రాదు. నేను గూడ పెదాలు ఆడిస్త."

"నువ్వా?" అన్నాడు దావీదప్ప.

"ఆఁ, నేనే. నువ్వు ప్రార్థన చేసేటప్పుడు అయితె ఎప్పుడూ రాదు. పొయ్యి మీద పప్పు యాదికొస్తది."

ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత అందరూ నవ్వారు, దావీదప్ప తప్ప. నవ్వు ఆగాక ఇంకొకామె మెల్లగా అంది, తనకూ రాదని. గోడ పక్కన కూర్చున్న ఒక ముసలాయన తల ఊపాడు. బల్లగుడ్డ సంగతి ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు. తాళంచెవి ఎవరు తీసుకోవాలన్నది కూడా ఎవరూ అడగలేదు. ఆమె వెళ్లిపోయిన నాటి నుంచి గది నేనే ఊడుస్తున్నాను, బల్లి రెట్టలతో సహా. ఎంత పనో ఊడిస్తే గానీ తెలియలేదు.

ఈ సంగతి నేను లేయమ్మకు చెప్పలేదు. ఆమెకు తెలిసింది. తరువాతి గురువారం సూదిలో దారం ఎక్కిస్తూ, "రూతికి గంత నోరున్నదా!" అని మాత్రం అంది.

ఆఖరి వారాలు

అక్టోబరులో ఒక గురువారం లేయమ్మ లోపలి పెట్టెలోంచి ఒక ఓణీ తెచ్చింది. గులాబీ రంగుది. కౌదిలో వేద్దామని తెచ్చిందో, ఊరికే తెచ్చిందో. ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కత్తెర పక్కనే ఉంది. నాకు నోటి నిండా మాటలొచ్చాయి. ఆదరణ మాటలు, వందసార్లు చావు ఇండ్లలో చెప్పినవి. ఒక్కటీ అనలేదు. కుట్టుకుంటూ ఉన్నాను. అరగంటకు ఆమె ఆ ఓణీని మళ్లీ మడతపెట్టి పెట్టెలో పెట్టి వచ్చింది. నా ఉద్యోగం మొత్తంలో బాగా చేసిన పని ఏదంటే, ఆ అరగంట అంటాను.

తరువాతి వారం తనంతట తానే రాణి గురించి మాట్లాడింది. చావు గురించి కాదు. ఒక ఆదివారం అయ్యగారు దీవెన ఇస్తూ తుమ్మితే, రాణికి నవ్వాగక పాటల పుస్తకం మొఖానికి అడ్డం పెట్టుకుందట. "అడ్డం పెట్టుకుంటె పెట్టుకునె, పుస్తకం తలకిందులు పట్టుకునె. అందరు దాన్నే చూస్తరు." చెబుతూ లేయమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. మూడేళ్లలో ఆ పిల్ల పేరు చెప్పి ఎవరైనా నవ్వడం అదే మొదలు.

క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలం ఇక మొదలవుతుందనగా, ఆ గురువారం కౌది మధ్యకు వచ్చేసింది. ఇద్దరి సూదులూ దాదాపు ఎదురెదురుగా ఉన్నాయి. లేయమ్మ తల ఎత్తకుండా అంది:

"ఇయ్యాల చెయ్యి."

"ఏంది?"

"ప్రార్థన. పొట్టిగ."

సూది గుచ్చి చేతులు ఒడిలో పెట్టుకున్నాను. కండ్లు మూసుకున్నాను. ఏమీ రాలేదు. ఇన్ని వారాలు ఈ మాట కోసమే ఎదురుచూశాను, తీరా ఒక్క మాట రాలేదు. బయట ఎవరిదో ట్రాక్టరు వెళ్లింది. మేక అరిచింది.

"ఏమైంది? నీకు గూడ వస్తలేదా?"

"వస్తలేదక్కా."

ఆమె నన్ను చూసి చాలా మెల్లగా, చాలా దయగా నవ్వింది. "ఉండనీ తియ్. వచ్చినప్పుడు వస్తది." నా మోకాలి మీద ఒకసారి తట్టి మళ్లీ సూది అందుకుంది. బైబిలమ్మగా నేను ఎన్నో ఇండ్లలో ఆదరణ చెప్పాను. నాకు ఆదరణ చెప్పింది ఆమె. ఆ ఇంట్లో దేవుడు మా ఇద్దరి మధ్య కూర్చుని ఉన్నాడని నాకు అనుమానం లేకుండా తెలిసింది. మాట లేకుండా అలా తెలియడం నాకు అంతకు ముందు జరగలేదు.

ఆ క్రిస్మస్‌కు ఆమె రాలేదు. ఈస్టరుకూ రాలేదు. గురువారాలు మాత్రం సాగాయి. మీరు అడిగినదానికి నా జవాబు ఇదే, అమ్మాయిలూ. ఈ నెలల్లో ఏమీ జరగకపోతే జరిపించాలని చూడకండి. ఒక ఇల్లు ఎంచుకుని వెళ్లండి, వాళ్ల పని అందుకోండి, మీతో చెప్పిన మాటను మీ దగ్గరే ఉంచుకోండి. ఫలితం రాయడానికి డైరీలో గడి ఉండదు. ఉండకపోవడమే మంచిది.

మరుసటి ఏడాది పెంతెకొస్తు తరువాత తొమ్మిదో ఆదివారం అనుకుంటాను. వాన పడి వెలిసింది. గదిలో తొమ్మిదిమందిమో పదిమందిమో ఉన్నాం. నేను ఆ రోజు భాగం చదువుతున్నాను. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. తల ఎత్తకుండానే ఎవరో తెలిసింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, దావీదప్ప కూడా. రూతమ్మ చాప మీద కొంచెం పక్కకు జరిగింది. లేయమ్మ వచ్చి కూర్చుంది. నేను చదవడం ఆపలేదు.